నాటికకు వన్స్‌మోర్ ఏది?

నాటిక పోటీలు నడిపే పరిషత్తుల కార్యవర్గాలకు, ఏకపాత్రాభినయం పోటీల్లో న్యాయనిర్ణేతలుగా కూర్చునే పెద్దలకు,

నమస్కారం.

నేను నటిని కాదు, రచయిత్రినీ కాదు. పరిషత్తు జరిగే రోజుల్లో సాయంత్రం ఆరింటికల్లా వంట ముగించుకుని, స్వెట్టరు వేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చునే ప్రేక్షకురాలిని. ముందు వరసలు దాతలవి. అవి దొరికినా నాకొద్దు, మధ్యలో లేచి దోమల్లేని చోటికి జరగడానికి వీలుండదు. ఇరవై ఆరేళ్ళు గుంటూరు జిల్లాలో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని ఏకపాత్రాభినయానికి తయారుచేసి పోటీలకు తీసుకెళ్ళే పని నా నెత్తినే పడేది. ఆ విధంగా మీరందరూ నాకు తెలుసు. మీకు నేను తెలియను, అంతే.

ముందుగా ఒక మాట. మీరు లేకపోతే తెలుగులో ఇవాళ నాటిక లేదు. రైసు మిల్లుకూ ఎరువుల కొట్టుకూ బంగారం షాపుకూ తిరిగి చందాలు రాయించుకుంటారు. హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ వచ్చే నాటక సమాజాలకు బస, భోజనం చూస్తారు. మూడు నాలుగు రాత్రులు ఊరందరికీ ఉచితంగా నాటికలు చూపిస్తారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏ ఊళ్ళో అయినా ఈ బండి లాగుతున్నది మీలాంటివాళ్ళే. పెళ్ళి చేసినవాళ్ళకే పెళ్ళిలో లోట్లు చెప్పడం మర్యాద కాదని తెలుసు. అయినా మీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

నిరుడు మాఘమాసంలో ఒక పరిషత్తులో చూసిన నాటిక గురించి చెప్తాను. తెర లేచేసరికి బోరు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు. రాత్రి వేళ. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందా అని స్టార్టరు డబ్బా పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నారు. సెట్టంతా అదే. వాళ్ళమ్మ పోయి పదిహేను రోజులైంది. ఆమె పేరు మీదున్న ముప్పై సెంట్లు ఎవరికి అన్నది ఇద్దరి కడుపులోనూ ఉంది. ఆ మాట తప్ప అన్నీ మాట్లాడతారు. పురుగుమందు ధర, పక్క చేనువాడు కొన్న కొత్త బండి, అమ్మ గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నూరేదా, నంజుకోవడానికి పెట్టేదా. నలభై నిమిషాలు ఇట్లా గడిచాక తమ్ముడు గొంతు సవరించుకుంటాడు. రెండు క్షణాలు ఆగి ఆ సంగతి ఎత్తుతాడు. సరిగ్గా అప్పుడే ఎర్ర బల్బు వెలిగి మోటారు మోగుతుంది. తమ్ముడు మాట్లాడుతూనే ఉంటాడు, పెదాలు కదులుతుంటాయి, మనకు ఒక్క ముక్క వినపడదు. అన్న తల ఊపుతాడు. తెర పడింది.

నా పక్కన కూర్చున్న పెద్దాయన, రైతే అయ్యుంటాడు, "వాడేం చెప్పాడమ్మా?" అని నన్నడిగాడు. నాకూ తెలియదన్నాను. కాసేపు ఆలోచించి, "వదిలేసుకుని ఉంటాడు. లేకపోతే అన్న అట్టా తల ఊపడు" అన్నాడు. వెనక వరసలో ఒకావిడ ఊరుకోలేదు. "అదేం కాదు బాబాయ్, సగం అడిగే ఉంటాడు, ఆడి మొహం చూశావా?" అంది. మా మూల చిన్న పంచాయితీ మొదలైంది. ఇంకో పది నిమిషాలు నడిచేదే. ఈలోగా మైకులో "ఇప్పుడు సన్మాన కార్యక్రమం" అన్నారు.

ఆ నాటిక ఎవరు రాశారు? తెర లేవకముందు మైకులో చెప్పారు, నిజమే. అప్పుడు హాల్లో సగంమంది టీలకు లేచి ఉన్నారు, పిల్లలు కుర్చీలు ఈడుస్తున్నారు. పేరులో చివరి రెండక్షరాలే నా చెవిన పడ్డాయి. తర్వాత స్టేజి వెనక్కి వెళ్ళి స్క్రిప్టు ఏమైనా దొరుకుతుందా అని అడిగాను. దర్శకుడు మంచివాడు, మొహానికి కొబ్బరినూనె రాసి మేకప్ తుడుచుకుంటూనే సమాధానం చెప్పాడు. "జిరాక్సు ఒకటే ఉంది మేడమ్, లైటింగు చూసే కుర్రాడి దగ్గర. అయినా ఈ సీజన్‌తో దీని పని అయిపోయిందిగా. వచ్చే ఏడు కొత్తది ఎత్తుకుంటాం."

ఈ సీజన్‌తో దీని పని అయిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

మనవాళ్ళకు నాటకం చూడటం తెలియదని ఎవరైనా అంటే నాకు కోపమొస్తుంది. పద్యనాటకం ఆడే రాత్రి వచ్చి చూడమనండి. రాయబారం సీనులో "చెల్లియో చెల్లకో" అని కృష్ణుడు ఎత్తుకోగానే కింద కండువా తలకు చుట్టుకున్న ముసలాయన పెదాలు కదులుతాయి. అది తిరుపతి వేంకట కవుల పద్యమని ఆయనకు తెలుసు. హరిశ్చంద్ర కాటి సీనులో బలిజేపల్లి వారి పద్యాలేవో, మధ్యలో నటులు తెచ్చి కలుపుకున్న జాషువా పద్యాలేవో విడదీసి చెప్పగలిగిన వ్యవసాయ కూలీని నేనెరుగుదును. ఏ పాదం మింగాడో, రాగం ఎక్కడ అవసరానికి మించి లాగాడో వాళ్ళు ఇట్టే పట్టుకుంటారు. నచ్చితే వన్స్‌మోర్ కొట్టి మళ్ళీ పాడించుకుంటారు. ఈ రసికత బళ్ళో నేర్చుకున్నది కాదు, విన్నదే విని విని వచ్చింది. నలభైసార్లు విన్న పద్యం కాబట్టే నలభై ఒకటోసారి నటుడు చేసిన చిన్న విరుపు వాళ్ళకు తెలుస్తుంది.

నాటికకు ఆ యోగం లేదు. ఒక ఊళ్ళో ఒక్కసారి, అదీ రాత్రి పదిన్నరకు, వరసలో మూడోదిగా, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు. తమ్ముడు గొంతు సవరించుకుని ఆగిన ఆ రెండు క్షణాలు ఉన్నాయే, వాటిలోనే నాటికంతా ఉంది. మొదటిసారి చూసేవాడికి అది తెలియదు, మోటారు మోగాక గానీ తెలియదు. రెండోసారి చూసినవాడు ఆ రెండు క్షణాలూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాడు. ఆ రెండోసారి మాకు ఎక్కడ దొరుకుతుంది?

మీ నిబంధనల కాగితంలో నాటిక నిడివి గురించి ఒక గీత ఉంటుంది. గంట దాటితే మార్కులు కోస్తామని. మంచిదే, ఆ గీత లేకపోతే కొందరు దర్శకులు తెల్లవార్లూ ఆడతారు. కానీ రెండు నాటికల మధ్య జరిగే సన్మానాలకు ఆ గీత లేదు. శాలువాలు, జ్ఞాపికలు, దాతగారి తండ్రిగారి గురించి పావుగంట, ఆయన్ను పొగిడినాయన్ను పొగడటానికి ఇంకో పావుగంట. ఒకసారి నేను వాచీ చూశాను. నాటిక యాభై రెండు నిమిషాలు, దాని తర్వాత సభ గంటా పది నిమిషాలు. బెల్లు ఎవరూ కొట్టలేదు. దాతలకు మర్యాద చేయొద్దని నేనెందుకంటాను? ఆ గంటా పదిలో నాటిక రాసినాయన్ను కూడా ఒక పది నిమిషాలు మైకు ముందు నిలబెడితే, మా రైతు లేచి "ఇంతకీ వాడేం చెప్పాడయ్యా?" అని అడిగేవాడు. ఆ రాత్రికి అదే అసలు సభ అయ్యేది.

ఇక ఏకపాత్రాభినయం.

ఏడెనిమిదేళ్ళ కిందటి సంగతి. ఇంటర్ రెండో ఏడు చదివే ఒక అమ్మాయి, ఏకపాత్రాభినయానికి పేరిస్తానంటూ వచ్చింది. ఝాన్సీలక్ష్మీబాయి మాటలు నా దగ్గర ఫైల్లో ఉన్నాయి, ఇవ్వబోయాను. "నేనే రాసుకొచ్చాను మేడమ్" అని లాంగ్ నోట్‌బుక్కులోంచి చింపిన కాగితాలు చూపించింది. రెండున్నర పేజీలు. వాళ్ళ నాయనమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు ముచ్చికలు తీసే పనికి వెళ్తుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసి వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషన్ మీద వేలు పెడితే పడదు. రాసింది అదే. ముసలామె ఒక్కతే మిషన్ ముందు నిలబడి డీలరుతో మాట్లాడుతుంది. డీలరు మనకు కనపడడు, వినపడడు.

"పళ్ళేదా? ఇంకో ఏలు పెడతా, ఉండబ్బాయ్."

ఒక్కో వేలూ పెడుతుంది, ఒక్కో వేలుకూ ఒక చిన్న సంగతి చెబుతుంది. బొటనవేలు మిరపకాయకు పోయింది. చూపుడువేలు చిన్నప్పుడు బళ్ళో పలక మీద అరగాల్సింది, అరగలేదు. ఉంగరపు వేలుకు ఉంగరం మూడు రోజులే ఉంది, నాలుగో రోజు తాకట్టుకు పోయింది. మధ్యమధ్యలో డీలరు ఏదో అంటాడు, ఆమె ఆగుతుంది, వింటుంది, నవ్వుతుంది. ఆ ఆగడాల్లోనే మనకు డీలరు మొహం, వెనక క్యూలో జనం విసుక్కోవడం, పైన తిరగని ఫ్యాను, అన్నీ కనపడ్డాయి. పది వేళ్ళూ అయిపోయాక చేతులు రెండూ చాపి, "ఇయ్యి నా చేతులే అబ్బాయ్, నువ్వు చూత్తానే ఉండావుగా" అంటుంది. తర్వాత అలవాటు చొప్పున ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంటుంది. కారం. ఒక్కసారిగా కళ్ళు మండి నీళ్ళు కారతాయి. ఏడుస్తుందో, మంటో మనకు తెలియదు. ఆమె మాత్రం "ఏం లేదు, కారం" అని పక్కకు జరిగి వెనకవాళ్ళకు దారిస్తుంది.

జిల్లా స్థాయి పోటీకి తీసుకెళ్ళాను. ఎక్కడ, ఎవరు పెట్టారన్నది ఇప్పుడు అనవసరం. మా అమ్మాయి లంగా ఓణీ మీద వాళ్ళ నాన్న పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, జామెట్రీ బాక్సును మిషన్‌గా పెట్టుకుని చేసింది. హాలు కిమ్మనలేదు. మొదటి బహుమతి అద్దె కిరీటం పెట్టుకున్న దుర్యోధనుడికి వచ్చింది, రెండోది విల్లమ్ములు పట్టుకున్న అల్లూరి సీతారామరాజుకు. వాళ్ళూ బాగానే చేశారు, కాదనను. అడిగితే మార్కుల కాగితం చూపించారు. ఆహార్యం పదికి సున్నా. పాత్ర ఎంపిక పదికి రెండు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన ఎంతో ఆప్యాయంగా, "అమ్మాయిలో టాలెంట్ ఉంది మేడమ్, వచ్చేసారి మంచి పాత్ర వేయించండి" అన్నారు.

మిరప చేల్లో, కోల్డ్ స్టోరేజీల్లో ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటారని ఆయనకు తెలియక కాదు. గుంటూరు జిల్లాలో ఉంటూ అది చూడని కళ్ళుండవు. రోడ్డు మీద చూస్తే అది చొక్కా. స్టేజి మీదికొస్తే దాన్నే ఆహార్యం అంటారని ఆయనకు తట్టలేదు. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పిల్ల చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఊరు దగ్గర పడుతుండగా అడిగింది. "మేడమ్, మా మామ్మ పాత్ర కాదా?"

తెలుగు పాఠం చెప్పేదాన్ని. ఏదో ఒకటి చెప్పి ఉంటాను. ఏం చెప్పానో గుర్తులేదంటే, అది సరైన సమాధానం కాదన్నమాట.

దుర్యోధనుడి మీద నాకు కోపం లేదు. మా పిల్లలు చేసే దుర్యోధనుడు చాలావరకు 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సినిమాలోంచి దిగుతాడు. ఆ మాటలు రాసింది కొండవీటి వెంకటకవి. ఆయన మన గుంటూరు ప్రాంతపు కవే. నేను పోటీలకు వెళ్ళిన ప్రతిసారీ దుర్యోధనుడి వేషం వేసిన పిల్లల్ని "ఈ మాటలు ఎవరు రాశారు నాన్నా?" అని అడిగేదాన్ని. "ఎన్టీఆర్ డైలాగ్ టీచర్" అనేవాళ్ళు. వెంకటకవి పేరు చెప్పిన పిల్లాడు ఈ ఇరవై ఆరేళ్ళలో ఒక్కడు. వాడూ వాళ్ళ తాత చెప్తే చెప్పాడు. పద్యం దగ్గర కవి పేరు అడిగి తెలుసుకునే మనం, వచనం దగ్గరికొచ్చేసరికి ఎందుకో రాసినవాడిని గాలికొదిలేస్తాం. మాటలు నటుడి నోట్లోనే పుట్టాయనుకుంటాం.

ఏకపాత్ర అంటే రాజులకూ వీరులకూ రాసిపెట్టిన సొత్తన్న అభిప్రాయం మనకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కాన్ని తీసుకోండి. మనం ఇవాళ చదివే పుస్తకంలో నాటకం ఎట్లా మొదలవుతుంది? బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే నిలబడి తనలో తను మాట్లాడుకోవడంతో. ఏం మాట్లాడతాడు? దేశం గురించా, ధర్మం గురించా? సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకుని ఖర్చుపెట్టేసిన ఇరవై రూపాయల గురించి. కిరీటం లేదు, గద లేదు, ఊళ్ళో అప్పులు ముదిరిన కుర్రాడు ఒకడు. మనం ఇంత గొప్పగా చెప్పుకునే నాటకం తెర లేచేదే ఆనాటి సమకాలీన ఏకపాత్రతో. ఇవాళ్టి న్యాయనిర్ణేతల ముందు గురజాడ ఆ పేజీ పట్టుకుని నిలబడితే పాత్ర ఎంపికకు పదికి ఎన్నొచ్చేవో!

అంతకు పన్నెండేళ్ళ ముందు, 1880లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన విద్యార్థులతో వేయించిన వ్యవహార ధర్మబోధిని కూడా ఇట్లాంటిదే. కోర్టుల్లో ప్లీడర్లు కక్షిదారులను ఎట్లా పిండుతున్నారో వాడుక మాటల్లో రాసిన చిన్న ప్రహసనం. ఆ కోర్టు ఊళ్ళోనే ఉంది, ఆ ప్లీడర్లూ ఊళ్ళోనే ఉన్నారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16న మనం తెలుగు నాటకరంగ దినోత్సవం చేసుకుంటాం. ఫొటోకు దండ వేసి, ఆ సాయంత్రం పడక సీనో కాటి సీనో ఆడతాం. వీరేశలింగం గారు పైనుంచి చూస్తే నవ్వుకుంటారో, ఇంకో ప్రహసనం రాసుకుంటారో.

నటుడు బళ్ళారి రాఘవ గారి కోసమని "తప్పెవరిది" నాటకం రాసిన పాకాల వెంకట రాజమన్నార్ పేరు కూడా మీలో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఏకాంకికలు రాసిన మనిషి. మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పెడితే దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. చిన్న నాటికలు రాసే తెలుగువాడికి దేశం అంత పెద్ద కుర్చీ వేసింది. ఆయన ఏకాంకికలు చదువుదామంటే పాత లైబ్రరీల్లో బూజు దులుపుకోవాలి.

చిన్న నాటికలో ఉండే కష్టం మీకు నేను చెప్పక్కర్లేదు. గొల్లపూడి మారుతీరావు గారి "కళ్ళు" నాటిక ఉంది కదా. గుడ్డి బిచ్చగాళ్ళందరూ పైసా పైసా కూడబెట్టి తమలో ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపొచ్చినవాడు మిగతావాళ్ళకు ఏమయ్యాడు? ఇంతే కథ. ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు, ఏళ్ళ తరబడి ఆడొచ్చు. 1988లో సినిమాగా కూడా వచ్చింది. గణేష్ పాత్రో గారి "కొడుకు పుట్టాల" నాటిక పేరు వినని నాటకాల మనిషి లేడు. అవి నిలబడ్డాయంటే వాటి బలం ఒక్కటే కారణం కాదు. అచ్చయ్యాయి, కాలేజీల్లో ఆడారు, బ్యాంకు ఉద్యోగులు ఆడారు, మళ్ళీ మళ్ళీ ఆడారు. వాటికి వన్స్‌మోర్ దొరికింది. మా బోరు దగ్గర అన్నదమ్ములకు దొరకలేదు.

తప్పంతా మీదేనని నేను అనను. ఇప్పటి నాటికల్లో నన్ను విసిగించేవీ చాలానే ఉన్నాయి. అమెరికాలో కొడుకు, వృద్ధాశ్రమంలో తండ్రి, చివర్లో ఫోన్ కాల్. తెర పడే ముందు ఒక పెద్దమనిషి పాత్ర స్టేజి ముందుకొచ్చి మనకు ఐదు నిమిషాలు బుద్ధి చెప్పడం. ఏడుపు రాకపోతే వయొలిన్ పెంచడం. ఒకే సీజన్‌లో నేను నాలుగు వృద్ధాశ్రమాలు చూశాను, నాలుగింట్లోనూ అదే కుర్చీ అనిపించింది. రచయితలు ఇట్లా ఎందుకు రాస్తున్నారని ఒక సమాజంవాళ్ళనే అడిగాను. "సందేశం లేకపోతే మార్కులు పడవండీ" అన్నారు. అక్కడ మళ్ళీ మీ దగ్గరికే వచ్చాం. మార్కుల కాగితం ఎట్లా ఉంటే నాటిక అట్లా ఉంటుంది.

ఆడపాత్రల సంగతీ అంతే. మన నాటికల్లో ఆడపాత్ర సాధారణంగా ఒకటే ఉంటుంది, మహా అయితే రెండు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు అంత తక్కువా? కాదు, నటికి పారితోషికం, రానూపోనూ ఖర్చులు ఇవ్వాలి, దొరకడమే కష్టం. ఒకే నటి ఒకే రాత్రి రెండు సమాజాలకు వేయడం, గ్రీన్‌రూములో చీర మార్చుకుని అమ్మ నుంచి కోడలు అవడం మీరూ చూశారు, మేమూ చూశాం. ఆమె పడే కష్టానికి దండం పెట్టాలి. కానీ రచయిత పెన్ను పట్టుకునేటప్పుడే "ఆడపాత్ర ఒకటి చాలు" అనుకుంటే, అత్తాకోడళ్ళు, అక్కచెల్లెళ్ళు, పొలంలో నాట్లేసే పదిమంది, వీళ్ళ మాటలు స్టేజి మీదికి ఎప్పుడొస్తాయి? ఏకపాత్ర అయితే ఈ చిక్కు లేదు. ఊళ్ళో టీచరమ్మ, ఆశా కార్యకర్త, డిగ్రీ చదివే పిల్ల ఎవరైనా వేయొచ్చు. సెట్టు అక్కర్లేదు, టెంపో అక్కర్లేదు, పన్నెండుమందికి భోజనాలు అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక లైటు, పది నిమిషాలు.

నేను అడిగేవి మీ జేబుకు భారమయ్యేవి కావు. మీరు ప్రతి ఏడూ ప్రత్యేక సంచిక వేస్తారు. నా దగ్గర పదిహేనేళ్ళవి ఉన్నాయి, పారేయబుద్ధి కాక దాచాను. అరవై డెబ్బై పేజీలుంటాయి, అందులో సగం పైగా "శుభాకాంక్షలతో" అని ఫొటోలు, షాపుల ప్రకటనలు. ఉండనీయండి, ఆ డబ్బుతోనే కదా నడిచేది. చివర్లో పన్నెండు పేజీలు పెంచి, కిందటేడు మీ దగ్గర రచనకు బహుమతి తెచ్చుకున్న నాటికను పూర్తిగా అచ్చువేయండి. రచయిత పేరు పెద్దక్షరాల్లో, ఒప్పుకుంటే ఫోన్ నంబరుతో సహా. ఆ సంచిక ఊళ్ళోని కాలేజీకి, హైస్కూలుకు, శాఖా గ్రంథాలయానికి పంపండి. ఎవరైనా ఆడదలుచుకుంటే ఆయనకు ఒక ఫోన్ చేసి అడుగుతారు, వీలుంటే వెయ్యో రెండు వేలో పంపుతారు. చట్టం ఏమంటుందో నాకనవసరం, వండినవాళ్ళకు ఒక ముద్ద పెట్టి మనం తినడం మన ఇళ్ళల్లో ఉన్న పద్ధతే.

ఇంకా పెద్ద కోరిక ఒకటుంది. పరిషత్తు మొదటి రాత్రి మొదటి ప్రదర్శన పోటీలో లేనిది పెట్టండి. కిందటేడు ప్రేక్షకులు బాగా మెచ్చినది, మీరు మెచ్చినది కాదు సుమా. దాన్నే మళ్ళీ ఆడించండి. ఆ సమాజమే ఆడాలని లేదు, వేరే దర్శకుడు వేరే నటులతో ఆడితే ఇంకా మంచిది. అదే మాట ఇంకో నోట్లో ఎట్లా పలుకుతుందో మాకూ తెలుస్తుంది. కృష్ణుడి వేషానికి ఎవరి గొంతు బాగుంటుందని తగువులాడుకున్నట్టే బోరు దగ్గర తమ్ముడి వేషం గురించీ తగువులాడుకుంటాం. తర్వాత రచయితను కూర్చోబెట్టి పావుగంట మా ప్రశ్నలకు వదిలేయండి. మా ప్రశ్నలు చిన్నవే. "ఆ గోంగూర పచ్చడి ముక్క మీ అమ్మగారిదేనా?" లాంటివి. ఆయన ఏం చెప్పినా చప్పట్లు కొడతాం.

చివరి రాత్రి మార్కులు కూడటానికి మీకు ఒక గంట పడుతుంది. ఆ గంట ప్రసంగాలతో నింపుతారు. దానిలో ఒక ఇరవై నిమిషాలు రెండు ఏకపాత్రలకు ఇవ్వండి. కొత్తగా రాసినవై ఉండాలి, రాసినవాళ్ళ పేరు చెప్పి మొదలుపెట్టాలి. ఈ రెండే షరతులు. ఆహార్యానికి మార్కులు వద్దు, అసలు మార్కులే వద్దు. పోటీగా పెట్టక తప్పదంటే మాత్రం మీ కాగితంలో "పాత్ర ఎంపిక" అన్న గడి కొట్టేసి, "ఎదుటి మనిషి కనపడ్డాడా?" అని రాసుకోండి. స్టేజి మీద ఒక్కరే ఉండి, లేని డీలరును, లేని అత్తగారిని, ఫోన్‌లో అవతలివాడిని మనకు చూపించగలిగితే ఆ రచనా నటనా రెండూ గట్టివే. నాకు తెలిసిన కొలత అదొక్కటే. ఇన్నేళ్ళు వెనక వరసలో కూర్చుని తెలుసుకున్నది.

ఒక విషయం చెప్పడం మర్చిపోయాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతోంది. పెళ్ళయింది, చిన్న బాబు. మొన్న ఫోన్ చేసినప్పుడు ఆ కాగితాల సంగతి అడిగాను. "ఎక్కడో పోయాయి మేడమ్, అప్పుడే మర్చిపోయాను" అంది. కాసేపు వేరే ఏవో మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేసే ముందు, "పళ్ళేదా? ఇంకో ఏలు పెడతా, ఉండబ్బాయ్" అని మొదలుపెట్టింది. పది వేళ్ళూ చెప్పింది. ఒక్క మాట పొల్లుపోలేదు. నేను స్పీకర్ పెట్టి, ఇంకో ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

దాన్ని విని కాగితం మీద రాస్తున్నాను. ఉంగరపు వేలు దాకా వచ్చింది. ఈ సంక్రాంతికి మీ ఆహ్వానపత్రికలు అచ్చుకు వెళ్ళేలోపు పూర్తవుతుంది. ఆమెను అడిగాను, రావడానికి ఒప్పుకుంది. చొక్కా వాళ్ళ నాన్నదే ఇంకా ఉందట. మీలో ఏ పరిషత్తువారు చివరి రాత్రి పది నిమిషాలు ఇవ్వగలరో చెప్పండి, జామెట్రీ బాక్సు నేను తెస్తాను.

ఇట్లు,
వెనక వరస ప్రేక్షకురాలు